వేలెత్తని నలభయ్యో నంబరు

పద్నాలుగు గంటలు సాంచెల దగ్గరికి పోకుండా ఉండి రమ్మని సింధూజ ఒకటికి మూడుసార్లు చెప్పింది. వచ్చిన ఆరుగురి తలల నిండా నూలు పొట్టు ఉంది.

వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన మనిషి మాత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఎక్కడికెల్లి వస్తున్నరు?" అని అడిగింది సింధూజ, జవాబు తెలిసే.

"కార్ఖానకెల్లే మేడం. డ్యూటీ దిగంగనే సీదా గీడికే అచ్చినం. ఒక్క నిమిషం గూడ లేటు జెయ్యలే."

సింధూజ కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టింది. కాలేజీలో రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న ఓపిక ఆ పది అంకెల్లోనే ఖర్చయిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఆ మనిషి రెప్ప వేయకుండా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. సిగ్గు లేకపోతే సరి అనుకుంది.

ఆ మనిషి పేరు వీరేందర్. తంగళ్ళపల్లిలో ఇరవై నాలుగు సాంచెలున్న ఒక మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. సాంచె ఆగితే చూసేది, విరిగితే అతికేది అతనే. వాళ్ళ సేటు సింధూజ ఇచ్చిన కాలేజీ లెటర్‌ను తిరగేసి బోర్లేసి చూసి, ఏం కావాలన్నా వీరేందర్‌ని అడగమన్నాడు. అడగడమే ఆమె చేసిన మొదటి తప్పు.

సింధూజది కోరుట్ల. హైదరాబాదులో ఎమ్మెస్సీ ఆడియాలజీ చివరి సంవత్సరం. సాంచెల మోత కార్మికుల చెవులను ఏం చేస్తుందో పరీక్ష చేసి థీసిస్ రాయాలి. నలభై మందిని పరీక్ష చేయాలి, ఏప్రిల్ ముప్పయ్యో తేదీకల్లా ఇచ్చేయాలి. ఒక్క రోజు దాటినా, ఒక్క మనిషి తగ్గినా ఏడాది పోతుంది. అంత చదువు చదివి ఇంట్లో ఇంకో ఏడాది కూర్చునే ఓపిక ఆమెకు లేదు. వాళ్ళ నాయన భీమయ్య దుబాయిలో పదకొండేళ్ళు రోడ్లు పగలగొట్టే మిషన్ పట్టుకుని పనిచేసి వచ్చాడు. ఆయన పెట్టే టీవీ సౌండుకు వాడకట్టు మొత్తం ఒకే వార్తలు వింటుంది. సింధూజ ఈ చదువు చదవడానికి కారణం అడిగితే ఆ టీవీని చూపిస్తుంది.

సాంచెల మోతలోంచి అప్పుడే బయటికొచ్చిన చెవి అలసిపోయి ఉంటుంది. అప్పుడు పరీక్ష చేస్తే ఆ అలసటే తెలుస్తుంది కానీ చెవి సంగతి తెలియదు. అందుకే ఆ పద్నాలుగు గంటలు. ఇదంతా ఆమె వీరేందర్‌కు మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అతను ఆమె ముఖంలోకి చూస్తూ శ్రద్ధగా విని, సరే మేడం అని, ఆరుగురినీ వెనక్కి తీసుకుపోయాడు. మర్నాడు ఎనిమిది మందిని తెచ్చాడు. వీళ్ళు స్నానాలు చేసి వచ్చారు. పొట్టు లేదు కానీ డ్యూటీ దిగి గంటన్నరే అయింది.

వారం రోజులు ఇదే వరస.

రెండో తలనొప్పి గది. ఊళ్ళో సద్దు లేని గది కావాలి. మొదటి గది పక్కన పిండి గిర్ని. రెండో దాని వెనక కోళ్ళు. మూడోది బాగుందనుకునేలోపు ఎదురింట్లో పెళ్ళి, బ్యాండు. చివరికి వీరేందరే మూతపడిన లైబ్రరీ గది తాళం సంపాదించాడు. చుట్టూ ఖాళీ జాగా, మధ్యలో ఒక బల్ల, గోడకు అద్దాల బీరువా. సింధూజకు మొదటిసారి అతని మీద కోపం తగ్గింది. ఆ తగ్గడం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

ఎందుకంటే ఆ సాయంత్రం బస్సెక్కబోతూ, గది తాళంచెవి తన దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చి, ముందు నడుస్తున్న అతన్ని పిలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగడుగుల దూరం. అతను వెనక్కి తిరగలేదు. ఈల వేసుకుంటూ బండెక్కి వెళ్ళిపోయాడు. బస్టాపులో ఉన్న ఇద్దరాడవాళ్ళు సింధూజను జాలిగా చూశారు. వేములవాడ దాటి, కథలాపూర్ దాటి, కోరుట్లలో దిగేదాకా ఆమె ఆ పొగరును తిట్టుకుంటూనే ఉంది. ఎదురుగా ఉన్నప్పుడు ముఖంలోంచి చూపు తీయడు, పిలిస్తే పలకడు. మనిషన్నాక ఏదో ఒకటే ఉండాలి కదా అని తల్లి వసంతతో కూడా అంది. వసంత కూతుర్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఆ పిల్లగాని పేరేందని అడిగింది. సింధూజ అన్నం ముందునుంచి లేచిపోయింది.

పరీక్షలు మొదలుపెట్టిన రోజు, రూలు ప్రకారం, వచ్చిన వాళ్ళందరినీ కూర్చోబెట్టి అంగీకార పత్రం చదివింది. మూడు పేజీలు. కాగితం ముఖానికి ఎత్తిపట్టుకుని గడగడా చదివేసి, అర్థమైందా అంది. అందరూ తలలూపారు. వేలిముద్రలూ సంతకాలూ పడ్డాయి.

కార్ఖానా సెలవు రోజులు చూసి పరీక్షలు పెట్టడంతో, ఆ తర్వాత పని చకచకా సాగింది. చెవులకు హెడ్‌ఫోన్లు, బీప్ వినబడగానే వేలెత్తడం, ఒక్కసారి ఎత్తితే లెక్క కాదని రెండోసారి సరిచూడడం. ఏప్రిల్ ఇరవైకి ముప్పై ఎనిమిది మంది అయిపోయారు. ముప్పై ఎనిమిది మందికీ చెవులు బంగారంలా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా సాంచెల మధ్య బతుకుతున్న ఎల్లేశానికి బడిపిల్లవాడి వినికిడి వచ్చింది.

సింధూజ గ్రాఫులు పంపితే, గైడు బాలలక్ష్మి మేడం ఫోన్ చేసింది. చెవుడుకు మందేమైనా కనిపెట్టావా, లేక మిషన్ పాడైందా, రెండిట్లో ఏదో చూసి చెప్పు అంది. తొంభై ఎనిమిది డెసిబెల్స్ మోతలో ఎవరి చెవీ చెడకపోతే ఆ థీసిస్ మీద తాను సంతకం పెట్టనని కూడా చెప్పింది.

సింధూజ మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని జగిత్యాల పోయింది. అక్కడ ఒక వినికిడి కేంద్రంలో ఆమె సీనియర్ శోభ పనిచేస్తోంది. శోభ దాన్ని అన్నివిధాలా సరిచూసి, మిషన్‌కు ఏ రోగమూ లేదని తేల్చింది. మిషన్ పాడైతే బాగుండునని ఏడుపొచ్చిన ఆడియాలజీ స్టూడెంట్ సింధూజ ఒక్కతే అయి ఉంటుంది.

మర్నాడు తంగళ్ళపల్లిలో ఎల్లేశాన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. బీప్ ఇవ్వడానికి చెయ్యి కదిపి, ఇవ్వకుండా ఆగింది. ఎల్లేశం వేలెత్తాడు.

మళ్ళీ చెయ్యి కదిపింది. మళ్ళీ వేలు లేచింది.

సింధూజ తలెత్తి చూసింది. తనకు వీపు పెట్టి కూర్చున్న ఎల్లేశానికి ఎదురుగా అద్దాల బీరువా. అందులో తన భుజం, తన చెయ్యి, మిషన్ బటను మీద తన వేలు, అన్నీ సినిమాలాగా కనబడుతున్నాయి. ముప్పై ఎనిమిది మంది ఆ సినిమా చూసి వేళ్ళెత్తారు.

ఎవరు చెప్పారు ఇలా చేయమని అని అడిగింది. ఎల్లేశం గుమ్మంలో ఉన్న వీరేందర్ వైపు చూశాడు.

"చూసి ఎత్తుమని నేనే చెప్పిన," అన్నాడు వీరేందర్. "చెవులు పోయినయని కాయితం మీదికెక్కితే సేటు పనిల ఉంచుకుంటడా? ఎల్లేశం కాకకు గీ పని తప్ప ఇంకోటి రాదు. నీ చదువు కోసం గాయన బువ్వ పోవాల్నా?"

"పేర్లు ఎవ్వరియి రాయనని మొదటి రోజే చదివిన గద," అంది సింధూజ. "నంబర్లే ఉంటయి. సేటుకు ఒక్క కాయితం గూడ ఇయ్యనని చదివిన. అందరు తలలూపిన్రు."

"కాయితం మూతికి అడ్డం వెట్టుకొని చదివినవ్. సాంచెల కాడ జేసేటోళ్ళం చెవులతోటి ఇంటమా? ఎదుటోళ్ళ మూతి చూసి ఇంటం. నీ మూతి కనవడకపాయె. చదువుకున్న పిల్లవు, చిన్నబుచ్చుకుంటవని తలకాయలు ఊపినం."

అతను విసురుగా బయటికి నడిచాడు. సింధూజ నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా ఆమె మీదికే తిరిగొచ్చాయి. ఆ రెప్పవేయని చూపు, ఆ పలకని పొగరు. అతని వెనకే నాలుగడుగులు వేసి, మెల్లగా పేరు పెట్టి పిలిచింది.

అతను తిరగలేదు. ఈసారి ఆమెకు కోపం రాలేదు. తన మీద తనకు వచ్చినంత కోపం అతని మీద ఎప్పుడూ రాలేదు. రెండేళ్ళు వినికిడి చదివిన మనిషి, నెల రోజులు పక్కనే తిరుగుతున్నవాడికి వినబడడం లేదని కనిపెట్టలేకపోయింది.

మిగిలింది తొమ్మిది రోజులు. చేయాల్సింది మళ్ళీ నలభై మంది.

ఆ మధ్యాహ్నమే సింధూజ కార్ఖానాలోకి పోయింది. ఇరవై నాలుగు సాంచెలు నడుస్తున్నాయి. తన మాట తనకే వినబడదు. గది మధ్యలో స్టూలెక్కి నిలబడి, కాగితం లేకుండా, ఒక్కో మాటనూ పెదవులతో పలికింది. పేర్లు రాయను. సేటుకు చూపను. చెవులు ఎంత పోయాయో తెలిస్తే, మిగిలింది కాపాడుకోవచ్చు. మీరు అబద్ధం చెబితే నా చదువు పోతుంది, మీ చెవులు ఎలాగూ పోతాయి.

సాంచెల మధ్యనుంచి తలలు లేచాయి. ఇరవై జతల కళ్ళు ఆమె పెదవులను చదివాయి. మూల కండెలు చుట్టే మిషన్ దగ్గరున్న ముసలామె కూడా చేతులు ఆపి చూసింది. ఆమె సమ్మవ్వ, వీరేందర్ తల్లి. మాట్లాడడం అయ్యాక అందరికంటే ముందు ఎల్లేశం సిగ్గుపడుతూ వేలెత్తాడు. ఈసారి అది నిజం వేలు.

పని నడిచే రోజుల్లో పద్నాలుగు గంటలు ఎక్కడినుంచి తేవాలన్నది, ఆమె మాటలు చూసి కోపం తగ్గిన వీరేందరే చూసుకున్నాడు. సాంచె మీద బీముకు చుట్టిన నూలు అయిపోతే, కొత్త బీము ఎక్కించి పోగులు అతికేదాకా ఆ సాంచె కార్మికుడికి పని ఉండదు. ఎవరి బీము ఏ పూట అయిపోతుందో లెక్కగట్టి, అయిపోయినవాణ్ని అయినట్టు ఇంటికి పంపి, పద్నాలుగు గంటలు దాటాకే లైబ్రరీకి తెచ్చాడు. బీరువా అద్దాలకు చీరగుడ్డ కప్పి మేకులు కొట్టాడు. కార్మికులను మళ్ళీ సింధూజకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. సింధూజ కోరుట్ల నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయేది. మాట్లాడాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది. అలా నిలబడడం ఆమెకు అలవాటైపోయింది. ఇంటికి పోయాక ఎదురుగా ఎవరూ లేకపోతే వెలితిగా కూడా ఉంది.

ఈసారి గ్రాఫులు నిజం చెప్పాయి. ఎల్లేశం గ్రాఫు చూసి ఆమె కళ్ళు తడిశాయి.

ఇరవై ఎనిమిదో తేదీకి ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యో నంబరు వీరేందర్. అతను దొరకడు. ఒకసారి సాంచె ఆగిందంటాడు, ఒకసారి బీము రాలేదంటాడు. పద్నాలుగు గంటలు కావస్తుండగా, కావాలనే కార్ఖానాలోకి ఒక చక్కర్ కొట్టి వస్తాడు. మళ్ళీ మొదటినుంచి లెక్క. ఊళ్ళోవాళ్ళను మంచంలోంచి లేపి తెచ్చినవాడు తన దగ్గరికొచ్చేసరికి బడెగ్గొట్టే పిల్లవాడైపోయాడు.

సింధూజ నేరుగా కార్ఖానా గేటు దగ్గర నిలదీసింది.

"నేనొక్కన్ని లేకుంటే ఏమైతది?" అన్నాడు.

"ముప్పై తొమ్మిది అయితది. ఏడాది పోతది. నీకు చెప్పలేదా?"

వీరేందర్ నేల చూశాడు. నేల చూస్తే ఆమె మాట అందదు కాబట్టి, అది అతనికి తలుపేసుకోవడంతో సమానం. సింధూజ అక్కడే నిలబడింది. చివరికి అతనే తలెత్తాడు.

"నువ్వు ఎనుకకెల్లి పిలిస్తే నేను పలకలే. పొగరనుకున్నవ్ గద. పొగరనే అనుకో సింధూజా. గదే మంచిగుంటది. చెవిటోడనుకునుడు కన్న."

మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"పొగరున్నోళ్ళకు నేనేం చెయ్యలేను," అంది సింధూజ. "వినవడనోళ్ళకు చేస్త. రేపు జగిత్యాలకు రా. శోభక్క కాడ మంచి గదుంది. నువ్వూ నేనే, ఇంకెవ్వరు చూడరు."

మర్నాడు పదకొండింటికి అతను జగిత్యాల వచ్చాడు. తలలో పొట్టు లేదు. పదహారు గంటలైందని, కార్ఖానా వైపు కూడా చూడలేదని, కావాలంటే మా అవ్వను అడుగుమని చెప్పాడు. గాజు గదిలో ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. సింధూజ బీప్ ఇచ్చింది. మొద్దు శబ్దాలకు వేలు వెంటనే లేచింది. సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి వేలు లేవలేదు. పెంచింది. లేవలేదు. ఇంకా పెంచింది. ఆ మనిషి మెడ బిగుసుకుపోవడం, వినాలని అతను చేస్తున్న ప్రయత్నం వెనకనుంచి ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. అబద్ధానికైనా ఎత్తవచ్చు. ఎత్తలేదు. ఆ ఎత్తని వేలును చూస్తూ సింధూజ ఇతన్ని ప్రేమిస్తున్నానని తెలుసుకుంది, అదే చేత్తో గ్రాఫు మీద చుక్క పెట్టింది.

బయటికొచ్చాక గ్రాఫు చూపించింది. గీత బాగానే వచ్చి ఒకచోట గుంతలోకి దిగినట్టు దిగింది. సాంచెలు తవ్విన గుంత అది, ఇక పూడదని చెప్పింది. చెవులకు బిరడాలు పెట్టుకుంటే ఇంకా లోతు కాకుండా మాత్రం చూసుకోవచ్చు. మనుషుల మాటలో స, ష లాంటి సన్న శబ్దాలు ఆ గుంతలోనే పడిపోతాయని కూడా చెప్పింది.

వీరేందర్ గ్రాఫును చాలాసేపు చూశాడు. "అంటే నీ పేరు నాకు మొత్తం వినవడలేదన్నట్టు. ఇన్నొద్దులు దాన్ని చూసుడే గాని ఇన్లే."

ఏప్రిల్ ముప్పయ్యో తేదీ సాయంత్రం థీసిస్ చేరింది. బాలలక్ష్మి మేడం సంతకం పెట్టింది. జూన్‌లో వైవా అయింది, సింధూజ పాసయింది, శోభ పనిచేసే చోటే ఉద్యోగం వచ్చింది. మొదటి రోజే భీమయ్యను పరీక్ష చేసి చెవి మిషన్ పెట్టించింది. కోరుట్లలో ఆ వాడకట్టు ఊపిరి పీల్చుకుంది.

వీరేందర్ మాత్రం రోజూ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపేవాడు. చెవి ఫోటో, బిరడాతో. కింద "పెట్టుకున్న" అని ఒకే మాట. ఎడమ చెవి ఒకరోజు, కుడి చెవి ఒకరోజు. నలభై రోజుల్లో ఆమె ఫోనులో నలభై చెవులు చేరాయి, ఒక్కదానితో కూడా ఒక్క మంచి మాట రాలేదు. సింధూజ ఓపిక మళ్ళీ పది అంకెలకు వచ్చింది.

జులైలో ఒక వానపూట, బిరడాల డబ్బా ఒకటి పట్టుకుని తంగళ్ళపల్లి వచ్చింది. రేకుల కప్పు మీద వాన, కింద ఇరవై నాలుగు సాంచెలు. వీరేందర్ ఒక సాంచె కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. భుజం తడితే లేచి, ఆమెను చూసి, రెంచి చేతిలోనే మరిచిపోయి నిలబడ్డాడు. చెవుల్లో బిరడాలు ఉన్నాయి.

ఈ మోతలో ఎవరికి వినబడుతుందిలే అని సింధూజకు ధైర్యం వచ్చింది. ఉన్న కోపమంతా పెదవుల మీదికి తెచ్చుకుంది.

"నలభై చెవులు పంపినవ్. నేను అడిగిన్నా చెవులు? ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. గొల్లపల్లిల ఒకరు, వెల్గటూర్ల ఒకరు. ఏం చెప్పాలె నేను? తంగళ్ళపల్లిల ఒక మేస్త్రీ ఉన్నడు, గాయననే ఇష్టపడ్డ, గాయన తప్ప ఎవ్వరద్దు, కాని గాయన చెవి తప్ప నోరు సూపెట్టడని చెప్పాల్నా?"

వీరేందర్ ముఖం కందిపోయింది. కళ్ళు ఆమె ముఖం మీదినుంచి పక్కకు జారాయి. సింధూజ ఆ వైపు చూసింది.

పక్క సాంచె ఆగింది. దాని పక్కది ఆగింది. వరసగా ఒక్కొక్కటీ ఆగుతూ వచ్చాయి. చివరికి ఎల్లేశం సాంచె కూడా ఆగింది. ఇరవై మంది పని వదిలేసి, నోరారా నవ్వుతూ ఆమెనే చూస్తున్నారు. ఆ గదిలో ఎవరూ చెవులతో వినరన్న సంగతి, దాని మీదే థీసిస్ రాసిన సింధూజ ఒక్కతే మరిచిపోయింది.

మూల కండెల మిషన్ దగ్గరినుంచి సమ్మవ్వ లేచి వచ్చింది. సింధూజ చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూస్తూ, "వాడు నీకు చెప్పడు బిడ్డా. మూడు నెలల సంది ఇంట్ల నాకు నీ ముచ్చటే చెప్పుడు. మీ నాయిన నంబరియ్యి, నేను మాట్లాడ్త," అంది. ఎల్లేశం, పెద్దమనిషిగా తానూ వస్తానన్నాడు.

సింధూజకు ఎటు చూడాలో తెలియలేదు. వీరేందర్ బిరడాలు తీసి జేబులో వేసుకున్నాడు.

"మల్లొక్కపారి చెప్పు," అన్నాడు.

"అందరు విన్నరు గద. నువ్వు వినలేదా?"

"ఇన్లే. చూసిన. ఒక్కపారి ఇంట."

అని అతను వెనక్కి తిరిగాడు. జగిత్యాల గాజు గదిలో కూర్చున్నట్టే, ఆమెకు వీపు పెట్టి, చెయ్యి తొడ మీద పెట్టుకుని, చూపుడువేలు సిద్ధంగా ఉంచి సాంచె పక్కన బీము మీద కూర్చున్నాడు. కార్ఖానా మొత్తం ఊపిరి బిగబట్టింది. రేకుల మీద వాన ఒక్కటే, దానికి స్విచ్ లేదు.

సింధూజ దగ్గరికి జరిగి, అతని చెవి వెనక వంగి, మెల్లగా చెప్పింది. వేలు కదలలేదు.

కొంచెం పెంచి మళ్ళీ చెప్పింది. ఈసారి సమ్మవ్వకు కూడా వినబడింది. అప్పుడు వేలు లేచింది.

"మొదటిపారే వినవడ్డది నీకు," అంది సింధూజ. "నీ గ్రాఫు నాకు నోటికొచ్చు."

"ఒక్కపారికి లెక్క గాదు, రెండుసార్లు సరిచూడాలెనని నువ్వే జెప్పినవ్," అన్నాడు వీరేందర్, ఎత్తిన వేలు దించకుండానే.